రూసియోన్‌లో చిన్న వైన్ రైతుల దగ్గరికి నాలుగు రోజులు: ఎక్కడికి వెళ్లాలి, ఏం అడగాలి, ఏ సీసాలు తెచ్చుకోవాలి

మీరు అడిగింది ఇది: సెప్టెంబరులో బార్సిలోనా నుంచి ప్యారిస్ వెళ్తూ మధ్యలో నాలుగు రోజులు దక్షిణ ఫ్రాన్స్‌లో ఆగుతారు. పెద్ద బ్రాండ్లు కాకుండా సొంత తోట ఉన్న చిన్న రైతుల దగ్గర వైన్ రుచి చూడాలి. ఇద్దరిలో ఒకరు శాకాహారి. నచ్చిన సీసాలు హైదరాబాద్ తెచ్చుకోవాలి. మీ ప్లాన్‌లో నీమ్, మోంపెల్లియే, కర్కసోన్, పెర్పిన్యాన్ నాలుగూ ఉన్నాయి. మొదటి మూడూ కొట్టేయండి. అలా తిరిగితే రోజులో సగం కారులోనే గడుస్తుంది, మిగతా సగం టూరిస్టుల కోసం పెట్టిన రుచి గదుల్లో పోతుంది. చిన్న రైతు ఒక్కో సందర్శకుడికి గంటన్నర ఇస్తాడు. ఆ గంటన్నర దొరకాలంటే మీరు ఒకచోట నిలబడాలి.

పెర్పిన్యాన్ చుట్టూ ఉన్న రూసియోన్‌ను ఎంచుకోండి. బార్సిలోనా నుంచి హైస్పీడ్ రైల్లో సుమారు గంటా ఇరవై నిమిషాలు. ఫ్రాన్స్ ప్రధాన భూభాగంలో బాగా ఎండ కాసే ప్రాంతాల్లో ఇదొకటి. వాయవ్యం నుంచి వీచే త్రామొంతాన్ అనే పొడిగాలి ఏడాదిలో దాదాపు మూడో వంతు రోజులు వీస్తుంది. వాన పడ్డా ఆకులు గంటల్లో ఆరిపోతాయి, బూజు తెగుళ్లు తక్కువ. అందుకే ఇక్కడ రసాయన మందులు కొట్టకుండా సేంద్రియంగా సాగు చేయడం వానలెక్కువ పడే బోర్డోలో కంటే తేలిక. 1659 పిరనీస్ ఒప్పందం దాకా ఇది స్పెయిన్ రాజు కింద ఉన్న కటలాన్ నేల. ఊరి బోర్డుల మీద, వంటల్లో, వైన్ పేర్లలో ఆ కటలాన్ వాసన ఇప్పటికీ ఉంది.

పెర్పిన్యాన్‌లో దిగి రెండు దిక్కులకే పరిమితం కండి. ఒకటి పడమరగా అగ్లీ నది లోయ: కాల్స్, తోతావెల్, లాతూర్-ద-ఫ్రాన్స్, మోరీ. రెండోది దక్షిణాన సముద్రం ఒడ్డున కొలియూర్, పోర్-వాంద్ర్, బన్యుల్స్. మోరీకి కారులో సుమారు 40 నిమిషాలు, కారు లేకుండా ఆ లోయలో తిరగడం కష్టం. బన్యుల్స్‌కు మాత్రం లోకల్ రైలు ఉంది, స్టేషన్ నుంచి చాలా సెల్లార్లకు నడిచి వెళ్లొచ్చు. రెండు రోజులు కారు, ఒక రోజు రైలు, ఒక రోజు ఖాళీ. ఆ ఖాళీ రోజు వృథా అనుకోకండి. ఒక రైతు ఇంకో రైతు పేరు చెప్పి ఫోన్ చేసి పెడతాడు, ఆ పరిచయాలకు చోటు ఉండాలి.

చిన్న రైతు అంటే ఎంత చిన్న అన్నది లెక్కలో చూస్తే చాలా విషయాలు తేటపడతాయి. ఇక్కడి పాత తోటల్లో తీగలను తీగకంచె మీద పాకించరు. పొదలా, గిన్నె ఆకారంలో కత్తిరిస్తారు, దాన్ని గోబ్లే అంటారు. ఆ పొద గాలికి విరగదు, తన ఆకులతో తానే గెలలకు నీడ ఇస్తుంది. కానీ కోత యంత్రం దాని మీదుగా నడవలేదు, చేత్తో కోయాల్సిందే. నల్ల పలకరాతి నేలలో నీళ్లు తక్కువ, కాబట్టి పాత తీగలు హెక్టారుకు 20 హెక్టోలీటర్లు ఇస్తే మంచి పంట కిందే లెక్క. అంటే 2,000 లీటర్లు, సుమారు 2,650 సీసాలు. ఎనిమిది హెక్టార్ల కుటుంబం ఏడాదికి 21,000 సీసాల దగ్గర ఆగిపోతుంది. 2022 నుంచి వరసగా వచ్చిన కరవులో అది కూడా రాని తోటలున్నాయి. సెల్లార్ దగ్గర మంచి రెడ్ 12 నుంచి 25 యూరోలు అంటే ఖరీదు అనిపించవచ్చు, కానీ పై లెక్క చూశాక బేరం ఆడాలనిపించదు. అక్కడ బేరం ఆడే అలవాటు లేదు కూడా.

లేబుల్ మీద ఏది చూడాలి? మొదట సీసాలో నింపింది ఎవరు అన్న లైను. ‘మిస్ ఆం బుతేయ్ ఓ దొమేన్’ అంటే తోట దగ్గరే నింపారని. ‘ఆ లా ప్రొప్రియెతే’ అన్నది సహకార సంఘాలు కూడా వాడతాయి, కాబట్టి అది చూసి చిన్న రైతు అనుకోకండి. పోస్టల్ కోడ్ 66తో మొదలైతే పెర్పిన్యాన్ జిల్లా. వేరే జిల్లా కోడ్ ఉంటే ఎక్కడో వ్యాపారి కొని నింపి ఉండొచ్చు. మూత తొడుగు మీద ‘ఆర్’ అక్షరం ఉంటే పండించినవాడే అమ్ముతున్నాడని అర్థం, ‘ఎన్’ ఉంటే కాదు. అన్ని సీసాల మీదా ఆ అక్షరం ఉండదు, లేనంత మాత్రాన అనుమానించకండి. భుజాన పీపా మోస్తున్న మనిషి బొమ్మ స్వతంత్ర వైన్ రైతుల సంఘానిది, అది నమ్మదగ్గ గుర్తు. ‘వియేయ్ వీన్య్’ (పాత తీగలు) అన్న మాటకు చట్టంలో నిర్వచనం లేదు, ఎన్నేళ్ల తీగలో రైతునే అడగండి. ‘వాఁ ద ఫ్రాన్స్’ అని ఉంటే నాసిరకం అనుకునేవాళ్లున్నారు, అది పొరపాటు. ప్రాంతీయ నిబంధనల చట్రంలో ఇమడని జాగ్రత్త గల రైతులు చాలామంది కావాలనే ఆ తరగతిలో అమ్ముతారు.

సహకార సంఘాలను తీసిపారేయొద్దని కూడా చెప్పాలి. బన్యుల్స్‌లోని ఎత్వాల్ సంఘం 1921లో పెట్టింది. ఏళ్ల తరబడి ముదరబెట్టిన తీపి వైన్లు అంత నిల్వలో పెట్టుకునే స్తోమత చిన్న కుటుంబాలకు ఉండదు. మొదటి రోజు ఉదయం అక్కడ మొదలుపెడితే అన్ని రకాలూ ఒకేచోట రుచి చూసి నాలుక సిద్ధం చేసుకోవచ్చు.

ఇక అసలు విషయం. రూసియోన్ వెళ్లిన వాళ్లలో ఎక్కువమంది రెడ్ వైన్లు రుచి చూసి తిరిగొస్తారు, ఈ నేల ప్రత్యేకత అయిన సహజ తీపి వైన్లను ‘డెజర్ట్ వైన్ మాకొద్దు’ అని దాటేస్తారు. ఫ్రాన్స్‌లో తయారయ్యే ఈ రకం వైన్లలో దాదాపు 80% ఇక్కడివే. చేతిపని అంటే ఏమిటో చూడాలంటే వీటినే చూడాలి.

పద్ధతి ఇది. లీటరు రసంలో కనీసం 252 గ్రాముల చక్కెర ఉండేంత పండిన ద్రాక్ష కోస్తారు. రసం పులుస్తూ చక్కెర సగానికి దగ్గర పడేవేళ 96% ద్రాక్ష ఆల్కహాల్ రసం పరిమాణంలో 5 నుంచి 10 శాతం కలుపుతారు. ఈస్ట్ చచ్చిపోతుంది, పులియడం ఆగుతుంది, మిగిలిన చక్కెర ద్రాక్షదే. దీన్ని ముతాజ్ అంటారు. 13వ శతాబ్దం చివర్లో మోంపెల్లియే వైద్య విద్యాలయంతో సంబంధమున్న ఆర్నో ద విల్నవ్ ఈ పద్ధతికి ఆద్యుడని చెబుతారు. కలిపే గడియ ఒక రోజు ముందయితే వైన్ పాకంలా మిగులుతుంది, వెనకైతే తీపి తగ్గి మంట తేలుతుంది. పిండిన రసంలో కలిపితే వైన్ సున్నితంగా వస్తుంది. తొక్కలు, గింజలతో ఉన్న గుజ్జు మీదే కలిపి రెండు వారాలు అలా ఉంచితే ఆల్కహాల్ తొక్కల రంగునూ, వగరునిచ్చే టానిన్‌నూ లాగేస్తుంది. గ్రెనాష్ నలుపు అనే ద్రాక్షతో చేసే మోరీ, బన్యుల్స్ వైన్లకు ఆ వెన్నెముక అక్కడినుంచే వస్తుంది.

తర్వాత దారి రెండుగా చీలుతుంది, ఇక్కడే కొత్తవాళ్లు తికమకపడతారు. గాలి తగలకుండా తొందరగా సీసాల్లో నింపితే నల్ల చెర్రీ, బ్లాక్‌బెర్రీ రుచితో ముదురు ఎరుపు వైన్. బన్యుల్స్‌లో దాన్ని రిమాజ్ అంటారు, పెర్పిన్యాన్ పక్కనున్న రివ్‌సాల్ట్‌లో గ్రెనా. గాలికి వదిలితే ఎరుపు ఇటుక రంగుకు తిరుగుతుంది, తెల్ల ద్రాక్షదైతే కుంకుమపువ్వు పాల రంగునుంచి తేనె రంగుకు ముదురుతుంది. మోరీ దగ్గర మాస్ అమియెల్ అనే తోటలో పెద్ద గాజు బుడ్లలో నింపి ఏడాదిపాటు ఆరుబయట ఎండలోనే ఉంచుతారు. పగటి వేడికి వైన్ వ్యాకోచించి, రాత్రి చలికి సంకోచించి గాలిని తనలోకి తీసుకుంటుంది. అక్రోటు, ఎండు అంజీర, కాఫీ, నారింజ తొక్క వాసనలు అలా పుడతాయి. ఇంకా ముదిరితే దాన్ని రాన్సియో అంటారు. లేబుల్ మీద ‘ఆంబ్రే’ అంటే తెల్ల ద్రాక్షది, ‘త్యుయిలే’ అంటే నల్ల ద్రాక్షది, ‘ఒర్ దాజ్’ అంటే కనీసం ఐదేళ్లు ముదరబెట్టింది. ‘బన్యుల్స్ గ్రాఁ క్రూ’ కనీసం 30 నెలలు చెక్క పీపాల్లో ఉండాలి, అందులో గ్రెనాష్ నలుపు 75%కు తగ్గకూడదు. ఆ అక్రోటు వాసన చూసి ‘వైన్ పాడైంది’ అని గ్లాసు పక్కన పెట్టకండి. అదే వాసన మామూలు రెడ్‌లో ఉంటే పాడైనట్టే. ఇక్కడ మాత్రం అది ఏళ్ల పని.

బన్యుల్స్‌లో ఒక గంట తోటల్లో నడవండి. కొండవాలు నిండా అరుగులు, ఆ అరుగులను పట్టి నిలిపే సున్నం లేని రాతి గోడలు. శరదృతువులో ఒక్క వానకే మట్టి సముద్రంలోకి కొట్టుకుపోతుంది, అందుకని వాలు మీద రాతి కాలువలు తవ్వారు. పైనుంచి చూస్తే ఆ కాలువలు కోడికాలు ముద్రలా కలుస్తాయి, స్థానిక కటలాన్‌లో దాని పేరు కూడా కోడికాలే. ట్రాక్టరు ఎక్కదు. ఒకే వాలు ద్రాక్షతో తీపి చేస్తే బన్యుల్స్ పేరు, తీపి లేని రెడ్, రోజే (గులాబి రంగు వైన్), వైట్ చేస్తే కొలియూర్ పేరు. రెండూ పక్కపక్కన రుచి చూడండి, నేల ఒకటే అని నాలుక పట్టుకుంటుంది.

తీపి లేని వాటిలో రెండు రకాలు వదలొద్దు. ఒకటి పాత కారిన్యాన్. ఈ ద్రాక్ష ఒకప్పుడు దక్షిణ ఫ్రాన్స్ అంతటా చవక వైన్ కోసం విపరీతంగా నాటి, తర్వాత ప్రభుత్వ పరిహారంతో పీకేసినది. దిగుబడి ఎక్కువైతే వగరు, పులుపు తప్ప ఏమీ ఉండదు. 60 ఏళ్లు దాటి హెక్టారుకు 15, 20 హెక్టోలీటర్లే ఇచ్చే తీగకు మాత్రం లోతైన రుచి, పులుపులో చురుకు ఉంటాయి. ఆ వగరును మెత్తబరచడానికి చాలామంది గెలలను చిదమకుండా, కార్బన్ డయాక్సైడ్ నిండిన తొట్టిలో వారం పది రోజులు ఉంచి, పండు లోపలే పులిసేలా చేస్తారు. రెండోది గ్రెనాష్ బూడిద రంగు, మకబెయు అనే ద్రాక్షలు కలిపిన వైట్. ఎండ ప్రాంతంలో వైట్ ఏమిటి అనుకుంటారు గానీ, ఎత్తున ఉన్న చల్లటి తోటల్లో ముందే కోస్తే ఆల్కహాల్ 12.5% దగ్గరే నిలిచి ఉప్పదనం తగిలే శుభ్రమైన వైన్ వస్తుంది. కాల్స్ చుట్టుపక్కల గౌబీ, మతాస్సా లాంటి తోటలకు పేరు రావడంలో ఈ వైట్ల పాత్ర పెద్దది. అక్కడ ముందస్తు సమయం తీసుకోకుండా తలుపు తట్టొద్దు.

సమయం గురించి జాగ్రత్త పడండి. మీరు వెళ్లేది సెప్టెంబరులో, అంటే కోతల మధ్యలో. మస్కట్ అనే తెల్ల ద్రాక్ష కోత ఆగస్టులోనే మొదలవుతుంది, బన్యుల్స్ వాలులు అక్టోబరు దాకా నడుస్తాయి. రైతు తెల్లారక ముందు తోటలో ఉంటాడు, మధ్యాహ్నం తొట్ల దగ్గర ఉంటాడు. మూడు వారాల ముందే ఈమెయిల్ పంపండి: ఏ తేదీ, ఎంతమంది, ఏ భాష మాట్లాడతారు, సాయంత్రం 5 తర్వాత వీలవుతుందా. జవాబు రాకపోతే ముందురోజు ఉదయం ఫోన్. 12 నుంచి 2 వరకు భోజన విరామం, ఆ వేళ ఎవరూ తలుపు తీయరు. ఆదివారం చాలాచోట్ల మూత. తేదీలు మార్చుకునే వీలుంటే మే, జూన్ నెలలు ఉత్తమం. లేదా అక్టోబరులో బన్యుల్స్ కోతల పండుగ రోజులు. ఎవరినీ సంప్రదించడం కుదరకపోతే పెర్పిన్యాన్‌లో ఒక వైన్ దుకాణానికి వెళ్లి, రెండు సీసాలు కొని, ‘మోరీ వైపు ఎవరు ఇంగ్లీషు మాట్లాడతారు’ అని అడగండి. ఇంటర్నెట్ జాబితాల కంటే ఇదే పనిచేస్తుంది.

రోజుకు మూడు తోటలకు మించొద్దు, రెండు ఇంకా మంచిది. ఎందుకో లెక్క చూడండి. ఒక తోటలో ఎనిమిది వైన్లు, ఒక్కోటి 30 మి.లీ. పోస్తే మొత్తం 240 మి.లీ. 14% అనుకుంటే అందులో సుమారు 26 గ్రాముల స్వచ్ఛ ఆల్కహాల్, అంటే ఫ్రెంచి లెక్కలో రెండున్నర గ్లాసులు. ఫ్రాన్స్‌లో డ్రైవింగ్ పరిమితి లీటరు రక్తానికి 0.5 గ్రాములు, లైసెన్సు కొత్తవాళ్లకు 0.2. ఒక్క తోటలో అన్నీ మింగితేనే చాలామంది ఆ గీత దగ్గరికి చేరతారు, కొందరు దాటేస్తారు. ఉమ్మేయడం మర్యాద తక్కువ పని కాదు, రైతు కూడా ఉమ్మేస్తాడు. బల్ల మీద ఉమ్మడానికి పాత్ర లేకపోతే అడగండి. తీపి వైన్లు చివర్లో చూడండి, ముందే చూస్తే తర్వాతి రెడ్లన్నీ పుల్లగా, వగరుగా తోస్తాయి. నడిపేవాళ్లు అసలు మింగకపోవడమే సరైన నియమం. ఆ లోయ రోడ్లు సన్నం, మలుపులు ఎక్కువ, కుడివైపు డ్రైవింగ్ మీకు కొత్త. అద్దె కార్లు ఎక్కువగా చేతి గేర్లవే ఉంటాయి, ఆటోమేటిక్ కావాలంటే ముందే బుక్ చేయండి. మన లైసెన్సుతోపాటు అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తీసుకెళ్లండి.

రైతును ఏం అడగాలి? ‘ఎన్ని హెక్టార్లు, ఎన్ని సీసాలు’తో మొదలుపెట్టండి, అతని స్థాయి తెలిసిపోతుంది. ‘ఏ రాతి మీద పెరిగింది’ అని అడిగితే కళ్లు మెరుస్తాయి, వీలుంటే తోటలోకి తీసుకెళ్తాడు. ‘మొత్తం సల్ఫర్ ఎంత’ (వైన్ పాడవకుండా కలిపేది, సల్ఫైట్ అంటారు) అన్నది మీకు అన్నిటికంటే పనికొచ్చే ప్రశ్న. సేంద్రియ రెడ్‌కు గరిష్ఠ పరిమితి లీటరుకు 100 మిల్లీగ్రాములు, మామూలు రెడ్‌కు 150. ‘సహజ పద్ధతి వైన్’ గుర్తు ఉన్నవాటిలో సల్ఫైట్ కలపరు, లేదా మొత్తం 30 లోపే ఉంటుంది. ఇది హైదరాబాద్‌కు తేవాలా వద్దా అన్నది నిర్ణయించే అంకె.

సల్ఫర్ లేని వైన్లలో ఒక లోపం ఉంది, దాన్ని గ్లాసు వాసన చూసి పట్టలేరు. మింగిన పది ఇరవై సెకన్ల తర్వాత గొంతు వెనక పాత పాప్‌కార్న్, ఎలుక కలుగు లాంటి రుచి లేస్తుంది. కారణమయ్యే పదార్థాల్లో ఒకటి మన బాస్మతి బియ్యానికి వాసన ఇచ్చేదే. వైన్ పులుపులో అది ఆవిరి కాదు, నోటి లాలాజలం పులుపును తగ్గించగానే పైకొస్తుంది. కొందరికి ఇది అసలు తెలియదు. అనుమానముంటే చుక్క మణికట్టు మీద రుద్ది వాసన చూడండి. కుళ్లిన గుడ్డు వాసన మాత్రం భయపడాల్సింది కాదు, గ్లాసు బాగా తిప్పితే చాలాసార్లు పోతుంది. తడి అట్టముక్క వాసన బిరడా లోపం, అది పోదు. అప్పుడు ‘ఇంకో సీసా చూడొచ్చా’ అని నెమ్మదిగా అడగండి, మంచి రైతు తానే వాసన చూసి మారుస్తాడు.

శాకాహారికి: వైన్‌ను తేటపరచడానికి గుడ్డు తెల్లసొన, పాల కేసిన్, చేపల తిత్తి నుంచి తీసిన పదార్థం, జిలాటిన్ వాడవచ్చు. లేబుల్ చూసి తేల్చుకోలేరు. గుడ్డు, పాల అవశేషం కొలవగలిగినంత ఉంటేనే రాస్తారు, చేప పదార్థం రాయనక్కర్లేదు. ‘ఎస్ క్య ల వాఁ ఎ కొలే?’ అని అడగండి, అంటే ‘ఏదైనా కలిపి తేటపరచారా’ అని. చిన్న రైతుల్లో చాలామంది శీతాకాలమంతా తొట్టిలో మడ్డి దానంతట అది దిగేదాకా ఆగుతారు, కాబట్టి ‘నో’ అన్న జవాబు వినే అవకాశం ఎక్కువ.

ఇప్పుడు తెచ్చుకోవడం. భారత్‌లోకి ఒక్కో ప్రయాణికుడికి సుంకం లేకుండా 2 లీటర్లే. 750 మి.లీ. సీసాలు రెండు, 500 మి.లీ. ఒకటి కలిపితే సరిగ్గా 2 లీటర్లు. తీపి వైన్లు తరచుగా 500 మి.లీ. సీసాల్లోనే వస్తాయి, అది మీకు కలిసొచ్చే సంగతి. ఇద్దరికి కలిపి ఆరు సీసాలు. పార్శిల్ చేయించే ఆలోచన వదిలేయండి, సుంకం, అనుమతుల చిక్కు వైన్ ధరను మించిపోతుంది. సీసాలు చెక్-ఇన్ సామానులోనే వెళ్లాలి: ఒక్కోటి ప్లాస్టిక్ సంచిలో కట్టి, జీన్స్ ప్యాంటు కాలులోకి దూర్చి, సూట్‌కేస్ మధ్యలో, ఒకదానికొకటి తగలకుండా. సెప్టెంబరులో కారు డిక్కీ మధ్యాహ్నానికి పొయ్యిలా కాగుతుంది. బిరడా పైకి ఉబ్బితే లోపలి వైన్ ఉడికినట్టే. ఒక చవక ఐస్ పెట్టె, అందులో తడి గుడ్డ చాలు.

ఆ ఆరింటిలో నా లెక్క ఇలా ఉంటుంది: తీపి వైన్లు నాలుగు, తక్కినవి రెండు, సల్ఫర్ లేనిది ఒక్కటీ వద్దు. గాలిలో, ఎండలో ఏళ్లు గడిపిన ఆంబ్రే, త్యుయిలే, ఒర్ దాజ్ రకాలకు మన ఇంటి వేడి చేసే హాని తక్కువ. సల్ఫర్ లేని లేత రెడ్‌కు ఏప్రిల్, మే నెలల్లో అల్మరాలో ప్రాణం నిలవదు. ప్రత్యేకమైన ఫ్రిజ్ లేకపోతే మామూలు ఫ్రిజ్ కింది అర అల్మరా కంటే వెయ్యి రెట్లు నయం. ప్రయాణం తర్వాత రెండు వారాలు కదపకుండా ఉంచి తెరవండి. ఆంబ్రే 12 నుంచి 14 డిగ్రీల దగ్గర, రిమాజ్ 15 దగ్గర, మస్కట్ 8 నుంచి 10 దగ్గర తాగాలి. తెరిచిన ఆంబ్రే బిరడా పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే వారాలు నిలుస్తుంది, రిమాజ్ మాత్రం నాలుగైదు రోజుల్లో ముగించాలి. కారం దండిగా ఉన్న కూరతో 15% రెడ్ నోట్లో నిప్పులా మారుతుంది, ఆ పూట మకబెయు వైట్ తీయండి. జీడిపప్పు పాకం పక్కన చల్లటి ఆంబ్రే చిన్న గ్లాసులో, 50 మి.లీ. చాలు.